పద్యంలో ఏముంది?



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానర్ మీదా ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారనే అంటాను. ఆయన్ని పేరు పెట్టి అనే అలవాటు నాకు లేదు, ఇప్పుడు కొత్తగా నేర్చుకునే వయసూ కాదు. ఈ స్మారకనిధి ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు పోగుచేసింది. దాతల జాబితా చూశాను. లారీ డ్రైవర్లున్నారు, ఒక కంటి డాక్టరున్నారు, కిరాణా కొట్టువాళ్లున్నారు. తెలుగు పండితులం ఇద్దరమే ఉన్నాం. మాస్టారి పాఠం ఎవరికి పనికొచ్చిందో ఆ జాబితాలోనే తెలుస్తోంది.

ఆయన మాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు. మొదటి రోజు వచ్చి, పలకరింపు కూడా లేకుండా బోర్డు మీద ఒక పద్యం రాసి, చేతులు దులుపుకుని కుర్చీలో కూర్చున్నారు. "ఏముందర్రా ఇందులో?" అన్నారు. మేం నోట్సు తెరిచి పెన్ను పట్టుకుని కాచుక్కూర్చున్నాం. ఆయన ఏదో చెబుతారు, రాసుకుందామని. రెండు నిమిషాలకి ఒక కుర్రాడు ధైర్యం చేసి "భావం చెప్పండి మాస్టారూ" అన్నాడు. "ముందు నువ్వు చూడు. చూశాక చెప్తాను" అన్నారు. ఆ పీరియడ్ అయిపోయింది. భావం చెప్పలేదు. ఇంటికెళ్లి మా అమ్మతో, కొత్త మాస్టారికి పాఠం చెప్పడం రాదని చెప్పాను.

నాకు ఆ పద్ధతి అర్థం కావడానికి నేను టీచరునయ్యాక కూడా చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయమే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కష్టమైన రచనను నిజంగా చదవాలంటే, భావం మనం ముందు చెప్పెయ్యకూడదు.

1

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే పాఠం చెప్పాను. పద్యం ఒకసారి రాగంతో చదవడం, ప్రతిపదార్థం బోర్డు మీద రాయడం, తర్వాత "భావం రాసుకోండి" అనడం. పిల్లలకి అదే హాయి. నాకూ హాయే. క్లాసు చీమ చిటుక్కుమనకుండా ఉండేది.

అలా ఒక ఏడాది పోతన గజేంద్రమోక్షం చెప్పాను. భాగవతం అష్టమ స్కంధంలో ఏనుగు మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే మత్తేభం మీ అందరికీ తెలుసు. ఇంకా పలకపట్టని పిల్లలకి కూడా మన ఇళ్లలో నేర్పిన పద్యమది. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోలేదు, అలా సాగుతుంది. ఆ రోజు నేను భావం చెబుతూ ఏ ధ్యాసలో ఉన్నానో, "శంఖచక్రాలు ధరించి, గజేంద్రుణ్ణి రక్షించాలన్న ఆత్రంతో బయలుదేరాడు" అని రాయించాను. పటాల్లో విష్ణువు చేతిలో అవి ఉంటాయి కదా, నోటికి అలా వచ్చేసింది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నలభై ఒక్క పేపర్లు దిద్దాను. నలభై ఒక్కటింట్లోనూ శంఖచక్రాలు ధరించే బయలుదేరాడు.

పైన పద్యం, కింద భావం. పద్యం తప్పు లేకుండా పూరించారు, ముత్యాల్లాంటి అక్షరాలతో. పద్యంలో తీసుకోలేదని ఉంది, భావంలో తీసుకున్నాడని ఉంది. రెండూ ఒకే చేత్తో రాశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. అసలు సంగతి ఇంకోటుంది. మొదటి పది పేపర్లు దిద్దేదాకా నాకూ రాలేదు.

ఆ రాత్రి నాకు మాస్టారు గుర్తొచ్చారు.

పిల్లలు పద్యం చదవలేదని కాదు, చదివే అవసరం వాళ్లకి లేకుండా నేనే చేశాను. భావం చేతికొచ్చాక పద్యం అలంకారంగా మిగులుతుంది. గైడు చేసేదీ అదే. గైళ్లని తిట్టడం మనకి సులువు. నేను పుస్తకాల షాపులో కొననక్కర్లేని గైడుని, నెలనెలా జీతం తీసుకునే గైడుని. ముందు వరుసలో టీచర్లు నవ్వుతున్నారు. నవ్వండి, మీరూ ఆ బాపతే.

2

"ఇప్పటి పిల్లలకి కూడబలుక్కుని చదవడమే రాదు, పోతన్ని ఎలా చదివిస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గ్రామీణ ప్రాంతాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు డెబ్బై శాతం దగ్గర ఉన్నారని అసర్ 2022 నివేదిక చెప్పింది. అంటే పదిమందిలో ముగ్గురికి అదీ కష్టమే. అది దేశం మొత్తం లెక్క. మన తరగతి గది లెక్క మనకి తెలుసు.

కానీ కళ్లతో చదవడం రాని పిల్లవాడికి చెవులున్నాయి. అందుకే నేను ఏ రచననైనా రెండుసార్లు పైకి చదివాకే మాట్లాడతాను. మొదటిసారి నేను చదువుతాను. రెండోసారి పిల్లలు చదువుతారు, ఒక్కొక్కరు ఒక్కో పాదం. ఆ రెండోసారిలోనే పాఠం మొదలవుతుంది.

ఆ మత్తేభాన్నే పాదానికొకరి చొప్పున చదివించి చూడండి. మొదటి పాదం చదివిన అమ్మాయి చివర్లో తడబడుతుంది. ఎందుకంటే అక్కడ పాదం అయిపోయింది కానీ మాట అయిపోలేదు. "ఏ పరివారాన్నీ" అన్నదాంట్లో "ఏ" మొదటి పాదం చివర ఉండిపోయింది, పరివారం రెండో పాదంలోకి వెళ్లింది. రెండో అబ్బాయికీ అదే గతి. చెవి దగ్గర జారిన జుట్టు గురించిన సమాసం సగం అతని దగ్గర, సగం మూడో పాదం వాడి దగ్గర. మూడో పాదం చివర లక్ష్మీదేవి పైట గురించిన సమాసం మళ్లీ రెండు ముక్కలు. మూడు చోట్లా పాదం తెగింది, మూడు చోట్లా మాట తెగలేదు.

ఇలా పాదం దాటి మాట సాగడం తెలుగు వృత్తాల్లో వింతేం కాదు, పెద్దలకి తెలుసు. కానీ నేనిలా చదివించిన ఏడాది ఒక పిల్ల లేచి, "టీచర్, ఈ పద్యంలో ఎక్కడా ఆగడానికి లేదు" అంది. ఆమె ఛందస్సు గురించి మాట్లాడలేదు, తన ఊపిరి గురించి మాట్లాడింది. నేను "ఎందుకు లేదంటావ్?" అన్నాను. కాసేపు చూసి, "ఆయనా ఆగట్లేదు కదా" అంది.

ఆ మాట నేను చెప్పి ఉంటే నోట్సులో ఒక వాక్యం అయ్యేది. 

3

ఇక మాస్టారి ప్రశ్న. ఏముంది? ఈ ప్రశ్నలో మర్మం ఏమిటంటే, దీనికి తెలివితేటలు అక్కర్లేదు. "దీని అర్థమేమిటి?" అంటే క్లాసులో నలుగురు చేతులెత్తుతారు, ఏటా ఆ నలుగురే. "ఇందులో ఏం కనిపిస్తోంది?" అంటే ఆఖరి బెంచీవాడు కూడా ఏదో ఒకటి చెప్పగలడు. "డు చాలా ఉన్నాయి టీచర్" అన్నాడొకడు ఓసారి, ఆ మత్తేభం చూసి. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు మీద రాశాను: డు.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నాను. చెప్పడు. సంధింపడు. చీరడు. ఇక్కడ ఆగాం, ఎందుకంటే సగం మంది దాన్ని చింపడు అనుకున్నారు. పాత తెలుగులో చీరడమంటే పిలవడం. ఇలాంటి మాట టీచరే చెప్పాలి, దాన్ని దాచిపెట్టి పిల్లల్ని ఊహించమనడం హింస. నిఘంటువులో దొరికేది వెంటనే ఇచ్చెయ్యండి. పద్యంలో మాత్రమే దొరికేదాన్ని ఇవ్వకండి. నేను నేర్చుకున్న లెక్క ఇదొక్కటే. తర్వాత గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యడు. ధమ్మిల్లం, అంటే కొప్పు, చక్కదిద్దుకోడు. ఆఖరిది, వీడడు. మొత్తం ఆరు.

"ఆరూ ఒకటేనా?" అని అడిగాను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, అయినా నోరు మూసుకున్నాను. టీచరుకి అది మహా కష్టం, నమ్మండి. గోడగడియారం చప్పుడు వినిపించింది. చివరికి ఆ "డు" కుర్రాడే అన్నాడు, "ఐదేమో చెయ్యనివి టీచర్. ఆరోది వదలనిది." నిజమే కదా. మొదటి ఐదూ చెయ్యవలసి ఉండి చెయ్యనివి. ఆరోది, చేతిలో ఉన్నదాన్ని వదిలెయ్యాలన్న ధ్యాస కూడా లేకపోవడం. లక్ష్మితో ఏదో వాదులాటలో పైట చెంగు చేతికొచ్చింది, అది అలాగే పట్టుకుని బయలుదేరాడు.

ఇక్కడ ఒక మాట. ఆ సమాసం దగ్గర టీచర్లం దగ్గుతాం. ఎనిమిదో తరగతి పిల్లలు కిసుక్కుమంటారు. నేనూ చాలా ఏళ్లు "వస్త్రం" అని దాటేశాను. దాటేస్తే పద్యంలో అందమంతా పోతుంది. అది ఆయుధమో కిరీటమో కాదు, ఇంట్లో మొగుడూపెళ్లాల గిల్లికజ్జాలో చేతికి చిక్కిన పైట. దేవుడు అంత మామూలుగా ఇంట్లో ఉన్నవాడు కాబట్టే అంత హడావిడిగా లేచి బయలుదేరాడు. "పైట" అని మామూలుగా అనెయ్యండి. కిసకిసలు అర నిమిషంలో ఆగిపోతాయి.

ఆ తర్వాత నేను ఇంకో ప్రశ్న వేశాను. మాస్టారు మా క్లాసులో వేసిన ప్రశ్నే. "పరిగెత్తాడు అన్న మాట ఎక్కడుందో చూపించండి." పిల్లలు పద్యం మీద వేలు పెట్టి వెతికారు. నాలుగు పాదాలూ వెతికారు. లేదు. వెళ్లాడని లేదు, దిగాడని లేదు, బయలుదేరాడని కూడా లేదు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహం ఉంది, ఆరు "డు"లున్నాయి. మరి ఆయన పరిగెత్తుతున్నట్టు మనందరికీ ఎలా కనిపించింది? ఇన్నేళ్లుగా పెద్దవాళ్లం కూడా "విష్ణువు పరుగెత్తే పద్యం" అంటున్నాం కదా! ఇవాళ ఇంటికెళ్లి మీరూ చూసుకోండి.

కాస్త కిందనే ఇంకో మత్తేభం ఉంది. ఆయన వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం ఆడవాళ్లు, ఆ వెనక గరుత్మంతుడు, అతని పక్కన ధనుస్సూ గదా శంఖచక్రాలూ, ఇంకా నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలోని పిల్లాపెద్దా అందరూ వరసగా వచ్చారని. రెండు పద్యాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి, మొదటిదాన్లోంచి రెండోదాన్లోకి గీతలు గియ్యమన్నాను. చెప్పకుండా వచ్చేసిన లక్ష్మి వచ్చింది. పిలవని పరివారం వచ్చింది. సిద్ధం చెయ్యని గరుడుడు వచ్చాడు. తీసుకోని ఆయుధాలు వాటంతటవే వచ్చాయి. గీతలన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. "జుట్టు మాత్రం అలాగే ఉండిపోయింది టీచర్" అన్నారు. ఇది ఏ వ్యాఖ్యానంలో ఉందో నాకు తెలీదు. మా ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో ఉంది.

4

ఇదంతా విని కొందరికి భయం వేస్తుంది. పిల్లల్ని ఇలా వదిలేస్తే ఎవడికి తోచింది వాడు చెబుతాడు కదా అని. చెబుతాడు. "విష్ణువు లక్ష్మికి భయపడి చెప్పకుండా పారిపోయాడు" అని మా క్లాసులోనే వచ్చింది. నేను కాదనలేదు. "ఎక్కడుంది?" అన్నాను. వాడు వాదులాట అన్న మాట చూపించాడు. సాక్ష్యం బాగానే ఉంది. "మరి పారిపోయేవాడు పైట పట్టుకుని పారిపోతాడా?" అని పక్క బెంచీ అమ్మాయి అడిగింది. కేసు కొట్టేశారు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. గొడవ దేని గురించి టీచర్ అని ఇంకొకరు అడిగితే, పద్యంలో లేదు అన్నాను. లేనిది లేదని చెప్పడం కూడా చదువులో భాగమే.

"ఏముంది", "ఎక్కడుంది" అన్న ఈ రెండు ప్రశ్నలూ బయటి నుంచి దిగుమతి అయినవని కొందరు అనుకుంటారు. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసిన పద్యాలు విద్యార్థులకిచ్చి, వాళ్లు రాసినవి 1929లో పుస్తకంగా వేశాడు. చదువుకున్న కుర్రాళ్లు ఎంత అడ్డదిడ్డంగా చదువుతారో ఆ పుస్తకం చూపించింది. మంచి పుస్తకమే. కానీ మన దగ్గర కావ్యం చెప్పే పాత పద్ధతిలో ఖండాన్వయం ఉంది. ముందు క్రియ పట్టుకుంటారు. తర్వాత ఎవరు, దేన్ని, ఎందుకు, ఎలాంటి అని ఒక్కొక్క ఆకాంక్షే లేవదీస్తారు. ప్రశ్న పుట్టాకే మాటకి చోటు దొరుకుతుంది. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే, మెదక్ వైపు కొలచల వారు. అన్వయం దారినే అంతా వివరిస్తానని, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే షరతు పెట్టుకున్నాడు. మా "డు" కుర్రాడికి నేను పెట్టిన షరతు అంతకన్నా ఎక్కువేం కాదు.

మనం చేసిందల్లా, ప్రశ్నలు తీసేసి జవాబులు మాత్రం ఉంచుకున్నాం. ఆకాంక్ష పోయి ప్రతిపదార్థం మిగిలింది. అది నాలుగు మార్కుల ప్రశ్న అయింది.

5

కష్టమైన సాహిత్యం అనగానే పద్యమే అనుకుంటాం. నా అనుభవంలో పిల్లలకి అసలు కష్టం మంచి వచనం. పద్యంలో తెలియని మాట కాలికి తగులుతుంది, ఆగుతారు. కథలో ప్రతి మాటా తెలిసిందే, అందుకని జారిపోతారు. కథంతా చదివి "బాగుంది టీచర్" అంటారు. అంతే.

ఈ జిల్లాలో కూర్చుని చాసోని తలుచుకోకుండా ఈ మాట చెప్పలేను. 1915లో పుట్టి, విజయనగరంలో ఉండి, తక్కువ రాసి, రాసిన ప్రతి వాక్యాన్నీ తూచి రాసినాయన. ఆయన కథ "ఎందుకు పారేస్తాను నాన్నా" ఏడో తరగతికి చెప్పాను. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారి బడి మీదుగా.

కథ ఇవ్వకుండా ముందు పేరొక్కటే బోర్డు మీద రాశాను. మూడు మాటలు. ఏముంది? ఎవరో నాన్నతో అంటున్నారన్నారు. ఇది జవాబా, ప్రశ్నా? చాలాసేపు గొడవపడి, ప్రశ్నలా ఉన్న జవాబు అన్నారు. అయితే నాన్న ఏమని ఉంటాడు? అందరూ తలో వాక్యం రాశారు. "బువ్వ పారేస్తావా?" అని రాసిన పిల్ల ఉంది. "పెన్ను పారేసి వచ్చావా?" అని ఎక్కువ మంది. ఇక్కడ ఒక తేడా బయటపడింది. పారెయ్యడమంటే కావాలని విసిరెయ్యడమా, పోగొట్టుకోవడమా? మన ఇళ్లలో రెండింటికీ ఆ మాటే అంటాం. తిట్టేటప్పుడు మాత్రం పోగొట్టుకున్నది కూడా కావాలని విసిరేసినట్టే తిడతాం. ఆ సంగతి పన్నెండేళ్ల పిల్లలకి నాకన్నా బాగా తెలుసు.

తర్వాత కథ చదివాం, రెండు పీరియడ్లు. చివర పేరు మళ్లీ వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎవరి వాక్యం సరిపోయిందో చూసుకున్నారు. అప్పుడు నేను అడిగింది ఒకటే: "ఆ కుర్రాడికి సిగ్గేసిందని మీకెలా తెలిసింది? మాట మీద వేలు పెట్టండి." వేళ్లు రకరకాల చోట్ల పడ్డాయి. ఒక అబ్బాయి ఎక్కడా పెట్టలేదు. "నాకు ముందే తెలుసు టీచర్" అన్నాడు. వాడి ఫీజు సంగతి క్లాసులో అందరికీ తెలుసు. నేను రెట్టించలేదు. సాక్ష్యం అడగకూడని సందర్భాలుంటాయి, అవి ఏ శిక్షణలోనూ చెప్పరు.

6

చివరిగా సిలబస్. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఇదెలా కుదురుతుంది అంటారు. అన్ని పాఠాలకీ కుదరదు, నేనూ చెయ్యలేదు. నెలకి ఒక్క పద్యం, రెండు నెలలకి ఒక్క కథ. మిగతావి మామూలుగానే చెప్పాను, భావాలూ రాయించాను, అధికారులొచ్చినప్పుడు నోట్సులూ చూపించాను. మార్కులు పెరిగాయా అని ఒక హెడ్మాస్టరు అడిగారు. పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు. కాకపోతే నేను రాయించిన భావంలో తప్పు ఉంటే లేచి నిలబడి అడిగేవాళ్లు ఏడాదికి ముగ్గురు నలుగురు తయారయ్యారు. అది ఏ టీచరుకైనా కొంచెం ఇబ్బందే.

నా దగ్గర ఇంకేం లేదు. మీరు టీ కోసం లేచే ముందు ఒక్క పది నిమిషాలు. ముందు వరుసలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పుడు ఆ రెండో మత్తేభం చదువుతారు, పాదానికొకరు. నిన్న సాయంత్రమే మొదటిసారి చూశారు. తడబడతారు. మధ్యలో అందివ్వకండి. అయ్యాక వాళ్లని ఏదైనా అడగాలనిపిస్తే అడగండి కానీ, దయచేసి ఎవరూ భావం మాత్రం అడక్కండి.

రండమ్మా.